ఇంటి చదువరి

కరవు నేలకును ఉత్తరమునకును చుట్టరికము పాతది. ఏరు పారు సీమలో మనుష్యులు అంతగా ఊరు కదలరు. వారికి ఉత్తరములతో పని తక్కువ. మెట్ట సీమలో అట్లు కాదు. ఇంటికొకరు పరాయి ఊరిలో ఉందురు. వారి క్షేమము, వారు పంపు పైకము, వారు తిరిగివచ్చు దినము, అన్నియు కబురు మీద ఆధారపడినవే. అనంతపురము మెట్టలలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. ఆ కొంచెమైనను వేరుసెనగ ఊడలు దిగు వేళకు కురియునో, కాయ పెరికి కుప్ప వేసిన పిమ్మట కురియునో ఎవరును చెప్పలేరు. 1882లో బళ్ళారి నుండి విడివడి జిల్లాగా ఏర్పడిన ఈ ప్రాంతము 2022 ఏప్రిలులో రెండు జిల్లాలైనది గాని, వలస మాత్రము రెండింటను ఒక్కటే.

వెనుకటి దినములలో ఉత్తరము వ్రాయించినవాడు సామాన్యముగా చదువురానివాడు. అందుకొన్నవారును చదువురానివారే. నడుమ నిలిచినది బడిపంతులు, తపాలా బంట్రోతు. వారు దొరకనిచో నాలుగైదు తరగతులు చదివిన పిల్లవాడు. ఊరి అరుగుల మీద ఆ పిల్లవానికి ఒక చిన్న పదవి ఉండెడిది. జీతము గుప్పెడు వేయించిన సెనగవిత్తులో, చిన్న బెల్లపు ముక్కయో. ఆ పదవికి కాగితముపై ఎక్కని నియమములు కొన్ని ఉండెడివి. ఉన్నది ఉన్నట్లు చదువవలెను. లేనిది కలుపరాదు. ఒక ఇంటి సంగతి మరొక ఇంట చెప్పరాదు. చావు కబురైనచో ముసలివారి ముందు గబుక్కున అనక, పెద్దవారినొకరిని పిలిచి వారి చెవిని వేయవలెను. ఉత్తరమున సంతకము లేక, ఊరి పేరు లేక, ఎవరిమీదనో నింద మాత్రమే ఉన్నచో, అది ఆకాశరామన్న ఉత్తరము. దానిని రచ్చకట్టకు తేరాదు.

ఈ నియమములను ఏ వాచకమును చెప్పలేదు. ఊరే చెప్పినది. తప్పినవానికి శిక్షయు ఊరే వేసెడిది: మరునాటినుండి వానిని చదువుమని ఎవరును పిలువరు.

కాలము మారినది. 1995 జులై 31న కలకత్తా నుండి జ్యోతిబసు మాటాడిన మాటతో మన దేశమున సెల్ ఫోను మొదలైనది. 2013 జులైలో తంతి సేవ ముగిసినది. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ చౌకయై పల్లె గడపలను తాకినది. కార్డు ముక్క మీద నాలుగు పంక్తులు వచ్చిన ఇంటికి ఇప్పుడు దినమునకు నలుబది సందేశములు వచ్చుచున్నవి. కాని అరుగు మీది ఆ పిల్లవాని పదవి పోయినదనుకొనుట పొరపాటు. తలిదండ్రులు బెంగళూరులో మేడలకు ఇటుకలు మోయుచుందురు. ఇంటి వద్ద అవ్వయు, బడికి పోవు ఇద్దరు పిల్లలును. ఆ ఇంటికి ఒకటే ఫోను. బ్యాంకు సందేశము వచ్చును. సగము ఇంగ్లీషు, సగము అంకెలు. కరెంటు బిల్లు వచ్చును. గ్యాసు కబురు వచ్చును. పంట బీమా మాట వచ్చును. అవ్వ ఫోనును చేత పట్టుకొని చూచునది ఎవరి వంక? ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలి వంక. ఆ బాలికయే నేడు ఇంటి చదువరి. వెనుకటి పిల్లవాడు కబురును మాత్రమే చదివినాడు. ఈ బాలిక చేతిలో కబురుతో పాటు ఇంటి సొమ్ము పెట్టె కూడ ఉన్నది.

అందువలననే "పిల్లల చేతికి ఫోను ఇయ్యకుడు" అను హితవు ఈ సీమలో సగమే పనికివచ్చును. హితవులో నిజము లేకపోలేదు. గంటల తరబడి బొమ్మలలో మునిగిన పిల్లలకు నిద్రయు చదువును చెడుననుట ఉపాధ్యాయులెల్లరు కన్నులార చూచుచున్నదే. ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10 నుండి పదునారేండ్లలోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలుండరాదని చట్టమును అమలు చేసినది. పందెపు ఆటల విషయమున మన పార్లమెంటును 2025 ఆగస్టులో నిషేధపు చట్టము చేసినది. ఇవి మంచివే. అయితే తల్లి పక్కన కూర్చుండి ఫోను తెరచి చూచు ఇంటికి చెప్పు మాట వేరు. ఇంటిలో అక్షరము తెలిసినది బిడ్డ ఒక్కతెయే అయినపుడు చెప్పు మాట వేరు. ఆ బిడ్డ చేతినుండి ఫోనును లాగివేయుట ఆ ఇంటికి కన్నులు మూయుటయే.

ఫోను వలన ఈ నేలకు కలిగిన మేలు చిన్నది కాదు. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించినది అనంతపురము జిల్లా బండ్లపల్లెలోనే. నాడు కూలీల హాజరు కాగితపు మస్తరులో ఉండెడిది. 2023 జనవరి 1 నుండి ఆ పథకపు పనిచోట్లన్నింటను ఫోనుతో చిత్రము తీసి హాజరు పంపుట తప్పనిసరి చేసిరి. కూలి పడినదో లేదో తెలుపునది ఫోనే. 2019లో వెలువడిన మేఘదూత్ అను యాప్ వాన సూచనను, పైరు సలహాను ప్రాంతీయ భాషలలో అందించుచున్నది. దామిని అనునది పిడుగు పడు సూచన చేయును. చెట్టు లేని మెట్టలో గొఱ్ఱెల మందతో నిలిచినవానికి ఆ సూచన విలువ ఎంతయో వేరుగ చెప్పనక్కరలేదు. ఇవియన్నియు చదివి చెప్పువారున్నపుడే గదా పనికివచ్చునవి.

ఇక మోసము సంగతి. ఇందు ఉపాధ్యాయులు ప్రత్యేకముగ ఆలోచింపవలసిన విషయమొకటి ఉన్నది. మోసగాడు ఫోను చేయును. బ్యాంకు నుండి అనును. మీ అబ్బాయి పంపిన సొమ్ము ఆగినదనును. అవ్వకు అర్థము కాదు; ఫోను మనుమరాలి చేతికిచ్చును. అవతలి గొంతు తేనె వలె మెత్తబడును. "పాపా, నీవు చదువుకొన్నదానివి గదా! ఇప్పుడే మీ ఫోనుకు ఆరంకెలు వచ్చియుండును. తడబడక చదువమ్మా!" బిడ్డ చదువును. ఒక్క అంకెయు తప్పదు. ఓటీపీ అనబడు ఆ ఆరంకెలే ఖాతాకు తాళపుచెవి. అవి పెదవి దాటిన మరు నిమిషమున మూడు నెలల కూలి మాయమగును.

ఇచ్చట బిడ్డ చేసిన తప్పేమి? బడిలో మనము నేర్పినదే చేసినది. పెద్దలు చదువుమన్నపుడు నిలబడి, గొంతెత్తి, తడబడక చదువుమని ఒకటవ తరగతి నుండి చెప్పుచున్నాము. చదివినపుడు మెచ్చుకొనుచున్నాము. మోసగాడు పట్టుకొన్నది ఆ మెచ్చుకోలును కోరు మనస్సునే. దొంగ సామాన్యముగా మనుష్యుని దుర్గుణమును ఆశ్రయించుననుకొందుము. లోభిని ఆశ చూపి, భయస్థుని బెదరించి దోచుననుకొందుము. ఇచ్చట బిడ్డలోని సుగుణమునే ఆశ్రయించినాడు. కాబట్టి గొంతెత్తి చదువుట నేర్పిన బడియే, ఎప్పుడు గొంతెత్తరాదో కూడ నేర్పవలసియున్నది.

నేర్పుటకు పెద్ద శాస్త్రమేమియు అక్కరలేదు. ఓటీపీ వచ్చిన సందేశములోనే దీనిని ఎవరికిని చెప్పవద్దని వ్రాసియుండును. అది చదువనిది ఎవరు? అంకెలకై ఆత్రపడి అక్షరములను దాటినవారు. యూపీఐలో సొమ్ము పంపుటకు మాత్రమే పిన్ కావలెను. సొమ్ము రాబట్టుకొనుటకు అక్కరలేదు. సొమ్ము ఇచ్చెదను, పిన్ కొట్టుమనువాడు తీసికొనిపోవువాడే. పెండ్లి పత్రిక అనియో, బ్యాంకు కాగితమనియో పేరు పెట్టి పంపిన యాప్ ఫైలును తాకినచో ఫోనులోని సందేశములు పరుల పాలగును. పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనపడి, "నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, ఫోను కట్టరాదు" అనువాని మాట అంతయు నాటకము; అట్టి అరెస్టు మన చట్టములలో ఎక్కడను లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున ఈ మాటనే దేశమునకు చెప్పవలసివచ్చినదనగా రోగము ఎంత దూరము ప్రాకినదో ఊహింపవచ్చును.

సొమ్ము పోయిన పిమ్మట ఏమి? 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువులో ఒక భేదము చెప్పబడినది. ఖాతాదారుని తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేక మూడవవాడు కాజేసినపుడు, మూడు పనిదినములలో తెలిపినవానికి నష్టము లేదు. రహస్య సంఖ్యను తానే బయటపెట్టినవానికి, బ్యాంకుకు తెలుపువరకు జరిగిన నష్టము తనదే. తెలిపిన తరువాతి నష్టము బ్యాంకుది. అనగా రెండు విధములను గడియలకే విలువ. దొంగ సొమ్మును ఒక ఖాతానుండి మరొక ఖాతాకు, అచ్చటినుండి ఇంకొకచోటికి తరలించుటకు పూట చాలును. దేశమంతటికి ఏర్పడిన 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేసినచో దారిలోనే సొమ్మును నిలుపుటకు అవకాశముండును.

వెంటనే అనుటలోనే చిక్కంతయు ఉన్నది. తన నోటివెంట జారిన అంకెలవలన సొమ్ము పోయినదని బిడ్డకు తెలిసినది. నాయన వచ్చి వీపు చీల్చునని భయము. అవ్వకు చెప్పదు. పంతులుకు చెప్పదు. ఉగాదికి నాయన వచ్చి బ్యాంకుకు పోయిననాడు గుట్టు బయటపడును. అప్పటికి పోలీసులు గాని బ్యాంకు గాని చేయగలిగినదేమి? కొట్టు ఇల్లు మోసగానికి చుట్టమువంటిది. ఎంత కఠినముగ దండించు ఇల్లైన అంత ఆలస్యముగ కబురు బయటికి వచ్చును. తప్పు జరిగిన గంటలో వచ్చి చెప్పిన బిడ్డను తిట్టుట మాని మెచ్చుకొనవలెనని తలిదండ్రుల సమావేశములో ఒక్కమారు గట్టిగా చెప్పిన పంతులు ఆ ఊరికి గొప్ప మేలు చేసినవాడగును.

సొమ్ము పోయిన సంపాదించుకొనవచ్చును. ప్రాణము సంగతి అట్లు కాదు. 2018 వేసవిలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని తెలుగునాట వాట్సాప్‌లో చిత్రములు, మాటలు వ్యాపించినవి. ఎక్కడివో, ఎప్పటివో ఆ చిత్రములు. క్రింద సంతకము లేదు. పై నెల జులై 13న హైదరాబాదు నుండి పోయిన కొందరు మిత్రులు కర్ణాటకములోని బీదరు జిల్లాలో దారిలో కనబడిన బడి పిల్లలకు చాకొలెట్లు ఇచ్చిరి. అంతే. పిల్లలనెత్తుకొనిపోవువారు వచ్చిరన్న కబురు ఫోనుల మీద వారి కారుకంటె ముందు పరుగెత్తినది. ముర్కి గ్రామమున దారి కట్టి కొట్టిరి. ఒక యువ ఇంజనీరు ప్రాణము పోయినది. ఆ కబురును ముందుకు పంపినవారిలో ఎందరు తమ పిల్లల మేలు కోరియే పంపియుందురో గదా!

అదే ఏడాది తుంగభద్ర కావలి ఒడ్డున, కర్నూలుకు ఎదురుగనున్న జోగులాంబ గద్వాల జిల్లాలో ఇదే వదంతి పుట్టినది. చీకటి పడిన పిమ్మట జనులు బయటికి రాకుండిరి. తలిదండ్రులు పిల్లలను ఇండ్లలో దాచుకొనిరి. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి చేసిన పని గమనింపదగినది. ఊరికొక పోలీసును నియమించి, వారు ఇంటింటికి పోయి జనుల ఫోనులకు వచ్చు సందేశములను అడిగి తెలిసికొని నిజానిజములు చెప్పునట్లు చేసిరి. డప్పులు మ్రోగించి, పాటలు కట్టించి ఊరూర చెప్పించిరి. ఆమె అధికారమునకు లోబడిన గ్రామములు నాలుగు వందలు. వానిలో ఒక్క ప్రాణమును పోలేదు. ఫోను మోసికొనివచ్చిన రోగమునకు మందు డప్పులో దొరకినది! ఇందు వింతయేమియు లేదు. దండోరా వేయువాడు ఎవరో ఊరికి తెలియును. వేయించినదెవరో కూడ తెలియును. అబద్ధమైనచో మరునాడు నిలదీయవచ్చును. వాట్సాప్ వదంతికి అట్టి ముఖము లేదు. అది ఆకాశరామన్న ఉత్తరము. వెనుకటి ఆకాశరామన్న ఒక్కొక్క కార్డును చేత వ్రాయవలసియుండెను, కానీ పెట్టి కొనవలసియుండెను. ఇప్పటి రామన్నకు చేతివ్రాతయు, కానీయు రెండును మిగిలినవి. వ్రాసి పంచుపని మనమే చేసిపెట్టుచున్నాము.

ఆ కంపెనీ తానే 2018 జులైలో మన దేశమున ఒక సందేశమును ఒకమారు ఐదింటికి మించి పంపరాదని కట్టడి చేసినది. 2019 జనవరిలో దానిని లోకమంతటికి విస్తరించినది. 2020 ఏప్రిలులో, అనేకమారులు చేతులు మారిన సందేశమును ఒకమారు ఒక్కరికే పంపగలుగునట్లు చేసినది. అట్టిదానిపై జంట బాణపు గుర్తు కనబడును. గుర్తు వారు పెట్టిరి. చూచువారు కావలెను.

మరియొక విషయము మెల్లగ చెప్పవలసినది. ఆడపిల్లల చిత్రములను దొంగిలించి, మార్చి, బెదరించువారున్నారు. ఒక్కొక్కప్పుడు వారు పరాయివారు కారు, అదే బడిలోని తోటి విద్యార్థులే. వేళాకోళమునకని తీసిన చిత్రము, పందెమునకని పంపిన చిత్రము. మగపిల్లలకు స్పష్టముగ చెప్పవలెను: అడుగక తీసిన చిత్రము దొంగ సొత్తు, అది చేతికి వచ్చినపుడు ఇంకొకరికి పంపినవాడును దొంగయే. పిల్లల అశ్లీల చిత్రములను తీయుట, దాచుట, పంపుట సమాచార సాంకేతిక చట్టము ప్రకారము జైలుశిక్షకు తగిన నేరములు. ఇక పెద్దలకు చెప్పవలసినది ఇంకను కష్టమైనది. ఈ సీమలో ఇట్టి కబురు ఇంటికి చేరినపుడు తరచు జరుగునదేమి? మొదట ఫోను పోవును, పిదప బడి పోవును, ఆ వెనుక పదునారేండ్లకే పెండ్లి మాట వచ్చును. నేరము చేసినవాడు ఊరిలో తిరుగుచుండగా శిక్ష బాలికకు పడును. బెదరించువాని బలమంతయు ఇందే ఉన్నది: "మీ ఇంట చెప్పెదను" అనుమాట చాలును వానికి. ఇంటివారు తన పక్షమున నిలుతురని బాలికకు తెలిసిననాడు ఆ మాటకు కోర ఊడిపోవును. పిల్లల సహాయమునకు 1098 అను సంఖ్య పగలును రేయియు పనిచేయుచున్నది. దానిని ప్రతి బడి గోడపైన పెద్ద అక్షరములతో వ్రాయించుటకు కుంచె ఖర్చు తప్ప వేరు లేదు.

ఇన్ని పనులును ఉపాధ్యాయుని నెత్తిన పెట్టుట న్యాయమా అని అడుగువారుందురు. అడుగదగిన ప్రశ్నయే. ఉపాధ్యాయుని చేతిలోని ఫోను నేడు అతనికి స్వంతమని చెప్పుట కష్టము. 2022లో ముఖమును ఫోనుకు చూపి హాజరు వేయు పద్ధతి వచ్చినపుడు ఈ రాష్ట్రమున ఉపాధ్యాయులు ఎంత ఆందోళన చేసిరో అందరు ఎరుగుదురు. తరగతిలో నిలబడి పంతులు ఫోను వంక చూచుచుండగా, పిల్లవానికి ఆయన పై అధికారికి లెక్కలు పంపుచున్నాడో, బావమరిదితో ముచ్చటించుచున్నాడో తెలియదు. వానికి కనబడునది ఒక్కటే, వంచిన తల. పాఠము నడుచు ముప్పావుగంట సేపు ఉపాధ్యాయులను ఈ లెక్కలనుండి విడిచిపెట్టుట ప్రభుత్వము చేయవలసిన పని.

కొత్త పాఠ్యపుస్తకము మాత్రము అక్కరలేదు. తెలుగు వాచకములో లేఖారచన ఎప్పటినుండియో ఉన్నది. పిల్లలు దానిని రెండు మార్కుల తంతుగా ఎంచి కంఠస్థము చేయుదురు: కుడివైపు పైన ఊరు, తేది; ఎడమవైపు సంబోధన; నడుమ విషయము; క్రింద ఇట్లు అని సంతకము; పిదప చిరునామా. ఈ అంగములు అలంకారమునకు పుట్టలేదు. ఎక్కడినుండి, ఎప్పుడు, ఎవరికి, ఎవరు అను నాలుగు ప్రశ్నలకు అవి జవాబులు. ఉపాధ్యాయుడు ఫోనుకు వచ్చిన ఒక వదంతిని నల్లబల్లపై యథాతథముగ వ్రాసి, ఉత్తరపు అంగములు ఇందు ఏవి ఉన్నవో చూపుమని అడిగినచో చాలును. ఊరు లేదు. తేది లేదు, "నిన్న రాత్రి" అని ఉన్నది, ఏ నిన్నయో తెలియదు. సంతకము లేదు. "తప్పక పదిమందికి పంపుము" అను ఆజ్ఞ మాత్రమున్నది. ఏ పెద్దమనుష్యుడును ఉత్తరములో అట్లు వ్రాయడు. బ్యాంకు పేర వచ్చిన దొంగ సందేశమును అట్లే వ్రాసినచో, బిడ్డలు తామే తప్పులు పట్టుదురు. ఇతరుల తప్పులు పట్టుటలో ఆరవ తరగతివారికి ఉండు ఉత్సాహము ఏ శాస్త్రజ్ఞునకును ఉండదు.

ఈ పాఠమునకు వేళ ఒకటి కలదు. పరీక్షలకు ముందు, వేసవిలో, చెప్పిన ప్రయోజనము తక్కువ. అప్పటికే తలిదండ్రులు పోయి నెలలైయుండును, ఫోను బిడ్డ చేతికి వచ్చి నెలలైయుండును. వేరుసెనగ కాయ పెరికి, కట్టె వామి వేసి, అప్పులవారికి ముట్టచెప్పి, మిగిలినది ఏమియు లేదని తేలిన పిమ్మట, కార్తికములో బెంగళూరు బస్సులు నిండుట మొదలిడును. మూట కట్టుకొను ముందటి సాయంకాలము తల్లి బిడ్డకు ఇచ్చునవి రెండు, పెట్టె తాళపుచెవియు, ఫోనును. దసరా సెలవులకు బడి మూయులోపల ఒక గంట దీనికై కేటాయించినచో, ఆ సాయంకాలమునకు బిడ్డ సిద్ధముగ ఉండును.